గొడుగు నీడ తప్పినవాడు

పదహారు వెండి కమ్ములు, నూట ఎనిమిది ముత్యాల జాలరు, గంధపు చెక్క పిడి, పిడి చివర నోరు తెరిచిన బంగారు మకరం. నీలకూట నగరంలో సభామంటపం ముందు ఆ తెల్లగొడుగు విప్పారంటే ముప్పై మంది దాని కింద నిలబడవచ్చు. మణికంధర రాజ్యంలో పుట్టిన ప్రతి బిడ్డనూ ఏడాది నిండేలోగా తల్లి ఎత్తుకుని వచ్చి ఆ నీడలోకి తీసుకువెళుతుంది. పరదేశి వర్తకుడైనా ముందు ఆ నీడలో నిలబడాలి, తరవాతే ఊళ్లో అడుగు పెట్టాలి. అప్పటినుంచి ఆ మనిషి ఎక్కడున్నా గొడుగు నీడలో ఉన్నట్టే. వాణ్ణి కొడితే ఎందుకు కొట్టావని అడిగేవాళ్లుంటారు. వాడి ఇల్లు దోస్తే శిక్ష ఉంటుంది. వాడు సభకు వచ్చి గోడు చెప్పుకుంటే వినేవాళ్లుంటారు.

ఆ రోజు జాము పొద్దెక్కేసరికి అదే గొడుగు కింద, చేతులు వెనక్కి విరిచి కట్టిన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పేరు సింగన్న. కుముదినీ నది రేవులో పడవ నడుపుతాడు. పాతికేళ్లవాడు, తెడ్డు పట్టి పట్టి భుజాలు రాయిగా మారినవాడు. ఏం నేరం చేశాడయ్యా అంటే, కళ్లతో చూసింది చూసినట్టు చెప్పాడు.

నాలుగు రోజుల కిందట యువరాణి మేఘవతి నదీపూజకు వెళ్లి సుడిగుండంలో మునిగిపోయిందని మహామంత్రి కరాళజిహ్వుడు చాటించాడు. మహారాజు ధవళకేతు మాట పడిపోయి మంచంలో ఉన్నాడు. వేరే వారసులు లేరు. కాబట్టి ప్రజల మేలు కోరి, తనకు ఏమాత్రం ఇష్టం లేకపోయినా, కిరీటం తానే మోస్తానని మంత్రి ఒప్పుకున్నాడు. ఎంత కష్టం వచ్చి పడింది పాపం ఆయనకు! పట్టాభిషేకం రేపు సూర్యోదయానికి.

అయితే యువరాణి మునిగిపోయిందన్న ఆ రోజు పొద్దున్నే ఒక బైరాగి, మేలిముసుగు వేసుకుని మత్తుగా తూలుతున్న చెల్లెలితో సింగన్న పడవ ఎక్కి కపాలదీవికి పొమ్మన్నాడు. నది నడుమ గాలికి ముసుగు తొలగింది. ఏటేటా తన పడవలోనే పూజకు వెళ్లే యువరాణిని సింగన్న గుర్తుపట్టడా? బైరాగి పెట్టుడు గడ్డం పక్కన మంత్రి మెడమీది నల్లటి పుట్టుమచ్చనూ గుర్తుపట్టాడు. అప్పటికి నోరు మూసుకుని దించి వచ్చాడు గాని, ఆమె చచ్చిపోయిందన్న దండోరా చెవిన పడ్డాక ఉండబట్టలేకపోయాడు. నేరుగా సభకు పోయి ప్రమాణం చేసి చెప్పాడు.

ఆ రాజ్యంలో ఒక ధర్మం ఉంది. చూసినవాడు ప్రమాణం చేసి చెబితే సభ్యులు ఆ చోటికి కదిలి వెళ్లి చూసి తీరాలి. మంత్రి కూడా అడ్డుకోలేడు. సాక్ష్యాన్ని కాదనలేడు గనక కరాళజిహ్వుడు సాక్షినే కాదన్నాడు. చనిపోయిన యువరాణి పేరును అపవిత్రం చేసిన రాజద్రోహి అని ముద్ర వేసి, నీడ తీయమన్నాడు. సభలో నలభై మంది పెద్దలున్నారు. నలభై జతల కళ్లూ తమ తమ కాలి బొటనవేళ్లను పరిశీలించుకుంటూ ఉండిపోయాయి.

తప్పెట మోగింది. గొడుగు పట్టినవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్లీ మోగింది, మరో అడుగు. మూడోసారికి ఎండ సింగన్న నెత్తిన పడింది. అప్పుడు చాటేవాడు గొంతెత్తి చదివాడు:

"నేటి నుంచి సింగన్న అనే మనిషికి నీడ లేదు. ఇతన్ని కొట్టినవాడికి నేరం లేదు. దోచినవాడికి దోషం లేదు. చంపినవాడికి పాపం లేదు. ఇతనికి నిప్పు ఇచ్చినవాడూ, నీళ్లు ఇచ్చినవాడూ, ఇతని మాట విన్నవాడూ శిక్షకు పాత్రులు."

వెంటనే భటులు సింగన్న కట్లు విప్పారు. నీడ తీసినవాణ్ణి కట్టి ఉంచకూడదట, అది క్రూరత్వమట! అంత దయగల రాజ్యం అది. చంపేవాడికి చెయ్యి ఖాళీ, చచ్చేవాడికి కాళ్లు ఖాళీ, పెద్దలకు మనసు ఖాళీ.

సింగన్న మంటపం మెట్లు దిగాడు. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఒక క్షణం ఎవరూ కదలలేదు. నిన్నటిదాకా బావా, తమ్ముడూ అని పిలిచినవాళ్లు గదా, కాస్త మొహమాటం ఉంటుంది. ఆ మొహమాటాన్ని ముందుగా వదిలించుకున్నవాడు బట్టల వ్యాపారి వరదయ్య. పోయిన వానాకాలం వరదలో మూటతో సహా కొట్టుకుపోతుంటే సింగన్న జుట్టు పట్టి లాగి ఒడ్డుకు చేర్చిన వరదయ్యే అతను. ముందుకు వచ్చి, సింగన్న తలపాగా చివర పట్టుకుని మెల్లగా విప్పి, మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. "మంచి నేత, పాడవుతుంది" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నారు పెద్దలు. వాళ్లు వరదయ్యను చూసే అని ఉంటారు.

ఆ ఒక్క చెయ్యి పడ్డాక ఇక చేతులకు కొదవ లేదు. వెండి మొలతాడు తెగింది. చెవిపోగు ఊడింది. మొదటి దెబ్బ వీపు మీద పడింది, రెండోది మోకాలి మీద. సింగన్న పరుగు లంకించుకున్నాడు.

గానుగల వీధిలో ఒకడు రోకలి విసిరాడు. కుండల వీధిలో మేడమీద నుంచి ఒకావిడ కాగే గంజి కుమ్మరించింది. అతను పక్కకు దూకకపోతే ఒళ్లంతా బొబ్బలయ్యేది. దాహానికి ఒక అరుగు దగ్గర ఆగి కడవలో చెయ్యి ముంచబోతే ఇంటావిడ కడవనే నేలకు కొట్టి పగలగొట్టింది. వీళ్లలో ఒక్కరికీ సింగన్న మీద పగ లేదు. కొట్టవచ్చు అన్నారు, కొట్టారు. అంతే. నాకు ఒళ్లు మండేది అక్కడే. పగ ఉండి కొట్టినవాణ్ణి అర్థం చేసుకోవచ్చు, అడిగేవాడు లేడని కొట్టినవాణ్ణి ఏమనాలి?

నాలుగు వీధుల కూడలిలో ఇంకో తమాషా జరిగింది. సంకెళ్లు వేసిన గజదొంగ ఒకణ్ణి ఇద్దరు భటులు నడిపించుకుపోతున్నారు. ముగ్గురిని నరికి పట్టుబడినవాడు. సింగన్న మీదికి విసిరిన రాయి గురి తప్పి ఆ దొంగ నుదుటికి తగిలింది. భటులు వెంటనే రాయి విసిరినవాడి మెడ పట్టుకున్నారు. విచారణ కాకుండా నేరస్తుణ్ణి కొట్టడం ఎంత తప్పో తెలుసా అని నిలదీశారు, వాడి పేరు, వీధి అడిగారు. వాడు చేతులు జోడించి, దొంగను కాదండీ, ఆ పడవవాణ్ణి కొట్టబోయానని చెప్పుకున్నాడు. అలాగా, ముందే చెప్పొద్దా అని భటులు వదిలేశారు. నుదుటి నుంచి నెత్తురు కారుతున్న దొంగ సింగన్నకేసి జాలిగా చూశాడు. ఆ ఊళ్లో ఆ రోజు సింగన్నకు దొరికిన జాలి అదొక్కటే.

రేవు గోడ మీద నుంచి దూకేసరికి అతని పడవను ఇద్దరు అప్పుడే తాడు విప్పి తోసుకుపోతున్నారు. నీడ లేనివాడి సొత్తు ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్లది. సింగన్న నీళ్లలోంచి ఎగిరి పడవ అంచు పట్టుకుని ఒక్క ఊపున వంచాడు. ఇద్దరూ బుడుంగున మునిగారు. తెడ్డు అందుకుని నాలుగు వేట్లు వేసేసరికి పడవ ప్రవాహంలో పడింది. అంతలో బురుజు మీద విలుకాళ్లు కొత్త విల్లులు సరిచూసుకోవడానికి ఇంతకన్నా మంచి గురి దొరకదనుకున్నారు. మూడు బాణాలు చెక్కలో దిగాయి. ఒకటి ఎడమ భుజం చర్మాన్ని చీల్చుకుపోయింది.

ఎక్కడికి పోతాడు? దిగువన నదికి అడ్డంగా ఇనుప గొలుసు. ఎగువన జలపాతం. అవతలి ఒడ్డున అప్పుడే తప్పెట మోగుతోంది. తన పేరు నీళ్ల మీదుగా వినిపిస్తోంది. మిగిలింది నది నడుమ, మనిషి పుర్రెను తిరగేసి పెట్టినట్టున్న నల్లటి కపాలదీవి. నాలుగు రోజులుగా అటు పోయిన ఏ పడవా తిరిగి రాలేదు. జాలరులు ఆ దిక్కు చూడటమే మానేశారు. తెగించినవాడికి తెడ్డే లింగం అనుకుని సింగన్న పడవ ముక్కు అటే తిప్పాడు.

దీవికి బాణవేటు దూరంలో నీళ్లు ఉడుకుతున్నట్టు కుతకుతలాడాయి. ఏడు జలసర్పాలు తాటిచెట్టంత ఎత్తున లేచాయి. ఒళ్లంతా పచ్చ రాళ్లు పొదిగినట్టు పొలుసులు, పడగల మీద నీలి మంటలు, కళ్లు ఉండవలసిన చోట తిరిగే సుడిగుండాలు. పడవ చుట్టూ కోట కట్టాయి. సింగన్న తెడ్డు రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. అన్నిటికన్నా పెద్దది కిందికి వంగి, చల్లటి నాలుకతో అతని నెత్తిమీద ఏదో వెతికింది. మరోసారి వెతికింది. అక్కడ దానికి కావలసింది దొరకలేదు కాబోలు, కొట్టుకువస్తున్న ఎండుమానును చూసినట్టు చూసి నీళ్లలోకి జారిపోయింది. మిగతా ఆరూ దాని వెంటే మునిగాయి. సింగన్న ఎత్తిన తెడ్డు దించడానికి చాలా సేపు పట్టింది.

దీవిలో పన్నెండు మంది కావలివాళ్లున్నారు. వాళ్ల నాయకుడు బొల్లన. నీటి మీదుగా ఎవడూ రాలేడని తెలుసు గనక పన్నెండు మందీ మధ్యాహ్న భోజనం చేసి చింతల నీడన గుర్రు పెడుతున్నారు. కూలిన శిలామంటపం వెనక ఇసుకలో పాతిన చిన్న ముత్యాల గొడుగు కింద మేఘవతి కూర్చుని ఉంది. చెరలో ఉన్నా రాజవంశంవాళ్ల గొడుగు తీసెయ్యకూడదని ఆచారం. తెల్లగొడుగుకు అవన్నీ పిల్లగొడుగులే, వాటి నీడకూ అంతే మహిమ ఉంటుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. చెవులకు కెంపుల కమ్మలు, ముఖంలో నాలుగు రోజుల అలసట. సింగన్నను చూసి భయపడలేదు. పడవ సింగన్నవి గదూ అని అడిగింది, ఆ పాముల్లోంచి ఎలా వచ్చావని అడిగింది.

జరిగిందంతా అతను రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె కాసేపు ఆలోచించి అసలు సంగతి బయటపెట్టింది. ఇక్కడికి తెచ్చిన రోజున, సింగన్న పడవ తిరిగి వెళ్లిపోయాక, మంత్రి నీళ్లలో నిలబడి మంత్రం కట్టడం ఆమె విన్నది. లక్షల మందిని పేరు పేరునా కట్టాలంటే జన్మ చాలదు. అందుకని వాడు సుళువు చూసుకున్నాడు: తెల్లగొడుగు నీడలో ఉన్న ప్రాణి ఏదీ ఈ నీరు దాటరాదు అన్నాడు. రాజ్యంలో ఆ నీడ లేని మనిషి ఎవడూ లేడు గదా. తాను మాత్రం రాబందు మీదెక్కి ఆకాశాన వచ్చి పోతున్నాడు. ఈ ఉదయం సింగన్న నోరు నొక్కాలన్న తొందరలో, నీరు దాటగల ఒకే ఒక్క మనిషిని వాడే తయారు చేసి పంపించాడు.

"అయితే లేవండమ్మా. పొద్దు వాలేలోగా ఊరు చేరాలి. రేపు వాడి నెత్తిన కిరీటం పెడతారు."

"నాకు నీడ ఉంది సింగన్నా. నీళ్లలో కాలు పెడితే అవి లేస్తాయి. మొదటి రోజే చూశాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దారి ఒకటే ఉందని ఇద్దరికీ తెలిసింది. నీడ తీసే అధికారం రాజముద్ర ఉన్నవాళ్లకీ, రాజరక్తం ఉన్నవాళ్లకీ ఉంది; రాజవంశంవాళ్ల నీడను మాత్రం రాజరక్తమే తీయగలదు. గొడుగు ఇక్కడే ఉంది. అయితే ఆమెను ఇన్నాళ్లూ ప్రాణాలతో నిలిపింది ఆ నీడే. దాని కింద ఉన్న రాజరక్తం నేల మీద పడితే చంపినవాడికి మంత్రం పనిచెయ్యదు. ఆ భయంతోనే కరాళజిహ్వుడు ఆమె మీద చెయ్యి వెయ్యలేదు. నీడ పోయిన మరుక్షణం ఆ భయం వాడికి ఉండదు.

"వద్దులెండి" అన్నాడు సింగన్న. "నీడ పోవడం అంటే ఏంటో మీకు తెలీదు."

"తెలుసు. నిరుడు నేనే ఒకరికి తీయించాను. మేకల గౌరమ్మ అని. తోటలో కొమ్మ నరికిందని మంత్రి పత్రం తెచ్చాడు, నాన్నగారికి బదులు నేను ముద్ర వేశాను. పత్రం అంచున పువ్వులు చక్కగా గీశారు. అదే చూశాను, చదవలేదు."

సింగన్నకు కోపం నషాళానికి అంటింది. ఎదుట ఉన్నది యువరాణి అని కూడా చూడలేదు.

"పువ్వులు చూశారా? ఆ ముసలిది రెండో రోజు మా రేవుకొచ్చింది. ఒంటిమీద గుడ్డ లేదు. మేకల్ని ఎవరో తోలుకుపోయారు. అవతలి ఒడ్డుకి దాటించు నాయనా, అక్కణ్ణించి ఎలాగో పొరుగు రాజ్యంలో పడి బతుకుతానంది. మోకాళ్ల మీద పడి అడిగింది." అతను చేతిలోని తెడ్డుకేసి చూశాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు: "నేను ఎక్కించుకోలేదమ్మా. చట్టం అన్నాను. తెడ్డుతో పడవను వెనక్కి తోసుకున్నాను. మీరు ముద్ర వేశారు, నేను తోశాను."

ఆమె లేచి నిలబడి, గొడుగు పిడికి ఒకసారి చెయ్యి తాకించి, తలెత్తి గట్టిగా చదివింది. ఆ మాటలు గట్టిగానే చదవాలి, లేకపోతే చెల్లవు. "నేటి నుంచి మేఘవతి అనే మనిషికి నీడ లేదు" అని మొదలుపెట్టి ఒక్క అక్షరం తగ్గించకుండా అంతా చదివింది. చదువుతూ మూడు అడుగులు వెనక్కి వేసి ఎండలోకి వచ్చింది.

ఆ గొంతుకు బొల్లన నిద్ర లేచి పరుగెత్తుకొచ్చాడు. రోజూ మూడు పూటలా ఆమెకు నేలకు వంగి దండం పెట్టేవాడు, పాలు పట్టుకొచ్చి మహాదేవీ అని పిలిచేవాడు. అలవాటు కొద్దీ చేతులు జోడించబోయాడు. చివరి మాటలు చెవిన పడ్డాయి. చేతులు సగంలో ఆగాయి. అతని చూపు ఆమె ముఖం మీద నుంచి జరిగి కెంపుల కమ్మల మీద నిలిచింది.

"ఆ కమ్మలు ఇలా ఇవ్వమ్మా. నొప్పి తెలీకుండా నేనే తీస్తాను."

"బొల్లనా, నేనెవరో నీకు తెలుసు."

"తెలుసు గనకే అడుగుతున్నా. ఇంకొకరైతే అడిగేవాడినా?"

ఇదండీ సంగతి. ఆమె అదే మనిషి, అదే చీర, అదే ముఖం. మారింది మూడు అడుగుల చోటు. బొల్లన దుర్మార్గుడు కాదు; ఇంటి దగ్గర పిల్లలకు కథలు చెప్పే మనిషి. అడుగుతూనే చెయ్యి వేసి లాగాడు. ఎడమ కమ్మ చెవితమ్మెతో సహా తెగి వచ్చింది. ఆమె కేక వేసింది. సింగన్న తెడ్డు బొల్లన చెవి మీద పడింది. మనిషి కమ్మను విడవకుండానే ఇసుకలో బోర్లా పడ్డాడు.

తక్కిన పదకొండు మందీ కత్తులు దూసి వచ్చారు. సింగన్న ఒకడి మోకాలు విరిచి, ఇంకొకడి కత్తిని తెడ్డుతో ఎగరగొట్టి, ఆమె చెయ్యి పట్టుకుని రాళ్ల మీదుగా దూకాడు. ఈటెలు అటూ ఇటూ నీళ్లలో పడుతున్నాయి. ఒక కావలివాడు ఆవేశంలో ఒళ్లు మరిచి మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు. అతనికి నీడ ఉంది. జలసర్పం ఒకటి లేచి నడుముకు చుట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మిగిలినవాళ్లు ఒడ్డునే నిలిచిపోయారు. పాములు పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగాయి, యువరాణి నెత్తిని నాలుకలతో వెతికాయి, ఏమీ దొరక్క మునిగిపోయాయి.

నది నడుమకు వచ్చేదాకా ఆమె చీర చెంగు చెవికి అదిమి పట్టుకుని కూర్చుంది. సింగన్న తన పంచె అంచు చింపి ఇచ్చాడు. గౌరమ్మ తరవాత ఏమైందని ఆమె అడిగింది. మర్నాడు రెల్లులో శవమై దొరికిందని చెప్పాడు.

పొద్దు వాలుతుండగా పడవ నీలకూటం రేవుకు చేరింది. మెట్ల మీద జనం కిటకిటలాడుతున్నారు. పొద్దుట చేతికి చిక్కక పారిపోయిన మనిషి తిరిగి వస్తున్నాడంటే వదులుకుంటారా? ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రాయి. పడవ ఇంకాస్త దగ్గరికి వచ్చాక ముందు వరుసలో ఒక ముసలాయన చేతి రాయి జారవిడిచి చెంపలు వేసుకున్నాడు. యువరాణి అన్నాడు. ఆ మాట మెట్టు మెట్టుకూ పాకింది. చచ్చిపోయిందన్న మనిషి నెత్తురోడుతూ పడవలో నిలబడి ఉంది.

వాళ్లు ఆమెకు నీడ ఉందనే అనుకుంటున్నారు. ఆమె నోరు మూసుకుని ఉంటే చాలు, దండాల మధ్య నడుచుకుంటూ పోవచ్చు. సింగన్న కూడా పెదవి కదపకుండా అదే చెప్పాడు. కాని ఈలోగా బురుజు దిగి ఇరవై మంది భటులు వచ్చేశారు. వాళ్ల వెనక నాలుగు పక్కలా తెరలు దించిన పల్లకి. భటుల నాయకుడు ఎంతో వినయంగా వంగి, ప్రమాదంలో యువరాణీవారికి మతి చలించినట్టుందని, మహామంత్రిగారు వైద్యులతో సిద్ధంగా ఉన్నారని జనానికి వినబడేలా చెప్పాడు. ఆ పల్లకి ఎక్కిన మనిషిని మళ్లీ ఎవరూ చూడరు. రేపు ఉదయం అడిగితే, అది యువరాణి కాదు, పోలిన మనిషి అంటారు. నలభై మంది పెద్దలూ కాలి బొటనవేళ్లు చూసుకుంటారు.

రేవులో తప్పెట కొట్టి చాటే ముత్తన్న మెట్ల పక్కనే నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ సింగన్న నీడ పోయిన సంగతి చాటి చాటి గొంతు బొంగురుపోయింది. మేఘవతి భటులను చూడలేదు, అతనికేసి తిరిగింది.

"ముత్తన్నా, నా నీడ నేనే తీసేసుకున్నాను. చాటు."

ముత్తన్న కర్రను వీపు వెనక దాచుకున్నాడు. "అమ్మా, ఆ మాట నా నోటితో అనిపించకు."

"నీడ పోయిన మాట చెవిన పడ్డాక చాటకపోతే నీ చెయ్యి తీస్తారు. చాటడం మొదలుపెట్టాక ఆపే అధికారం మంత్రికి కూడా లేదు. ఒక తప్పెట వింటే పక్క తప్పెట అందుకోవాలి, కోట ఏడు గుమ్మాలూ దాటేదాకా. అంతే కదా?"

అంతేనన్నట్టు ముత్తన్న తల ఊపాడు. భటుల నాయకుడికి అప్పుడు అర్థమైంది. ముందుకు దూకాడు. అప్పటికే కర్ర చర్మం మీద పడింది.

"మహారాజు ధవళకేతువారి కూతురు, బతికి ఉన్న మేఘవతి..." ముత్తన్న కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, గొంతు మాత్రం ఖంగుమంటోంది. "ఈ సాయంత్రం రేవు మెట్ల దగ్గర బతికి ఉన్న మేఘవతికి నేటి నుంచి నీడ లేదు. ఈమెను కొట్టినవాడికి నేరం లేదు. దోచినవాడికి దోషం లేదు. చంపినవాడికి పాపం లేదు."

గానుగల వీధి తప్పెట అందుకుంది. కుండల వీధి తప్పెట అందుకుంది. తరవాత అంగడిది, తరవాత మొదటి గుమ్మానిది. యువరాణి బతికి ఉందనీ, ఆమెను ఎవరైనా చంపవచ్చనీ ఊరు మొత్తానికీ ఒకే గొంతున తెలిసింది. భటుల నాయకుడు వినయం కట్టిపెట్టి కత్తి దూశాడు. దూరంగా మహామంత్రి మేడ మీద నుంచి ఒక పెద్ద రాబందు రెక్కలు విప్పి లేచింది.

మెట్ల మీద జనం అలాగే నిలబడి ఉన్నారు. దండం పెట్టిన చేతులు కొన్ని కిందికి దిగాయి. జారవిడిచిన రాయి కోసం ముసలాయన వంగాడు, మళ్లీ ఎందుకో ఆగిపోయాడు. సింగన్న తెడ్డు అడ్డం పెట్టి ఆమె ముందుకు వచ్చాడు. ఆమె తెడ్డును పక్కకు జరిపింది.

"కొట్టేవాళ్లు దగ్గరికొచ్చి కొట్టండి" అంది. "ముఖం చూపించి కొట్టండి. గౌరమ్మకి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు."

అని మొదటి మెట్టు ఎక్కింది.